అరలకోటలో సూదుల బేరం

కొండ దిగువన మంచు విడిపోయేసరికి అరలకోట కళ్ళబడింది.

ఆరు రాజ్యాల్లో అలాంటి కోట మరొకటి లేదు. ఏ మహాకాయుడో తన కూతురి ఆటవస్తువులు దాచడానికి పెద్ద పెట్టె చేయించి, మూత తీసి, కొండల నడుమ మరిచిపోయినట్టుంది అది. గదికి గది ఆనుకుని, వరస మీద వరసగా వెయ్యి అరలు ఆకాశంలోకి తెరుచుకుని ఉన్నాయి. తూర్పు వరసలో గవ్వలు, శంఖాలు, ముత్యపుచిప్పలు గుట్టలుగా పడి లేత ఎండలో పాలనురుగులా మెరుస్తున్నాయి. దాని పక్కది ఈకల అర. నెమలి, చిలక, పాలపిట్ట, కొంగ, గిజిగాడు, ఏ పిట్ట ఈకలు ఆ పిట్టవిగా కుప్పలు పోసి ఉన్నాయి. పడమట దారపు ఉండలు ఒక్కొక్కటి ఏనుగు కుంభస్థలమంత. నడుమ అద్దపు బిళ్ళల అర మీద సూర్యుడు పడితే వెయ్యిమంది సూర్యులు ఒకేసారి కళ్ళు తెరిచినట్టయింది.

పేరిసెట్టి ఆ వైభవాన్ని వ్యాపారి కంటితో చూశాడు. సరుకు మంచిదే, సర్దిన తీరూ బాగుంది, కాని ఈకల అరకు మూత లేదు, నాలుగు వానలు కురిస్తే అంతా పాడవుతుంది అనుకున్నాడు. ఆ వెయ్యి అరల్లో ఏదో ఒక అరలో అతని భార్య మాచమ్మ ఉంది.

ఆమెను ఎత్తుకుపోయి నూట నలభై ఏడు రోజులైంది. పేరిసెట్టి బతుకంతా లెక్క చూసుకుంటూ బతికినవాడు. పెళ్ళయి పదకొండేళ్ళు. ఏడాదికి ఎనిమిది నెలలు గాడిద మీద పెట్టె వేసుకుని, పూసలూ సూదులూ గవ్వలూ అమ్ముకుంటూ రాజ్యాలు తిరిగేవాడు. ఇంట్లో ఉండేది నాలుగేసి నెలలు. అంటే పదకొండేళ్ళ కాపురంలో నికరంగా చేతికొచ్చినవి నలభై నాలుగు నెలలు. అప్పుడది నష్టమని తోచలేదు. ఎంత దూరం పోయినా తిరుగుదారి ఉండేది. ఆ దారి చివర, అరుగు మీద కూర్చుని మిగిలిపోయిన గుడ్డపీలికలతో బొమ్మలు కుడుతూ మాచమ్మ ఉండేది. దారి అలాగే ఉండి, చివర మనిషి లేకపోతే ఎంత లోటో ఈ నూట నలభై ఏడు రోజుల్లో తెలిసింది.

ఎత్తుకుపోయింది కుహనావతి అనే మంత్రగత్తె. చేత్తో చేసిన బొమ్మ ఏదైనా ఆమె ఊపిరి ఊదితే నిజమైనదంత పెరిగి లేచి నడుస్తుంది, చెప్పిన పని చేస్తుంది. కాని ఆమె చేతులకు బొమ్మ చేయడం రాదు. అచ్చులో పోసినదానికీ, మంత్రంతో పుట్టించినదానికీ ప్రాణం పోయలేదు. మనసుపెట్టి కుట్టేవాళ్ళ పనికే ప్రాణం వస్తుంది. అందుకని పనితనం ఉన్న ఆడవాళ్ళను వెతికి వెతికి, పెద్ద గాలిపటం మీద గోడ దాటించి, వందమందిదాకా తెచ్చి కోటలో కూర్చోబెట్టింది. వాళ్ళు కుట్టిన గుడ్డ సిపాయిలూ గడ్డి ఏనుగులూ ఇప్పటికే రెండు రాజ్యాలను నేలమట్టం చేశాయి.

అందులో రెండో రాజ్యపు యువరాజు మణిబాహుడే ఇప్పుడు పేరిసెట్టి వెనక, కూలివాడి వేషంలో, తలమీద మూటతో ఆయాసపడుతూ వస్తున్నాడు. కోట గుట్టు తెలుసుకుని, ఏటి ఒడ్డున ఆగి ఉన్న నాలుగు రాజ్యాల సైన్యానికి దారి చూపాలని అతని పట్టుదల.

"ఈ మూటలో బండరాళ్ళు పెట్టావా సెట్టీ?" అన్నాడు.

"సూదులు దొరా, మూడు వందలు. ఆ మాట మా గాడిద కూడా నన్ను ఎన్నడూ అడగలేదు," అన్నాడు పేరిసెట్టి.

అరలకోట జలపాతం పక్కన ఉంది. తుంపర తగిలి అక్కడ సూదులన్నీ తుప్పుపట్టాయని, పని ఆగిపోయిందని దారిలో తెలిసింది. మనుషులను ఎత్తుకురావచ్చు గాని, సూదీ దారం మాత్రం ఇచ్చేవాడు ఒప్పుకుని ఇస్తేనే కుహనావతి మంత్రం పారుతుంది. పేరిసెట్టి బేరమంతా ఈ ఒక్క సంగతి మీద నిలబడి ఉంది. శత్రువుకు సూదులు ఇవ్వడం శత్రువుకు కత్తులు ఇవ్వడమేనని యువరాజు దారి పొడుగునా గొణిగాడు. ఇవి కాల్చి నీళ్ళలో ముంచని ఇనుపవని, పది రోజులు కుడితే వంగిపోతాయని, సైన్యం రావడానికి ఎనిమిది రోజులు సరిపోతాయని పేరిసెట్టి వేళ్ళు మడిచి చూపించాక ఊరుకున్నాడు.

కోట ద్వారం దగ్గర రెండు గడ్డి ఏనుగులు అడ్డంగా నిలబడ్డాయి. ఒకటి తొండం చాచి యువరాజు చంకలోని వెదురుపుల్లల కట్టను చుట్టేసింది. ఆ కట్టలో కత్తి ఉంది. ఏనుగు కట్టతోపాటు యువరాజునూ పైకెత్తింది. ఇంకొక్క విసురు విసిరితే లోయలో పడతాడు. పేరిసెట్టి కంగారుపడలేదు. దాని చెవి కుట్టు ఊడి వేలాడుతూ ఉండటం అతను అప్పటికే చూశాడు. సూది తీసి, దారం ఎక్కించి, ఏనుగు కాలు మీదుగా ఎక్కి, పిల్లి కూనను నిమిరినట్టు నిమురుతూ చెవి కుట్టసాగాడు. ఏనుగు కళ్ళు మూసుకుంది. తొండం మెల్లగా వదులైంది. యువరాజు కింద పడ్డాడు.

"సరుకు పట్టుకునే తీరు ఇదేనట్రా మణిగా? లే, దులుపుకో," అని పేరిసెట్టి ద్వారం కాపలా గుడ్డ సిపాయిలు వినేలా కసిరాడు. యువరాజు ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

లోపలికి దారి ఈకల అర మీదుగా ఉంది. నాలుగడుగులు వేశారో లేదో యువరాజుకు తుమ్ము వచ్చింది. ఆ తుమ్ముకు లక్ష ఈకలు లేచాయి. లేచినవి మళ్ళీ కిందికి దిగలేదు. సుడి తిరిగి, ఆకాశమంత పక్షిగా ముడుచుకుని, ముక్కు చాచి వాళ్ళ మీదికి దూకాయి. యువరాజు కత్తి దూసి నరికితే పక్షి రెండు పక్షులైంది, మళ్ళీ నరికితే నాలుగు. పేరిసెట్టి అతని చెయ్యి పట్టి ఆపి, బొమ్మలకు పూయడానికి తెచ్చిన గంజి కుండను గాలిలోకి విసిరాడు. తడిసిన ఈక ఎగరలేదు. పక్షులు నాలుగూ ముద్దలు ముద్దలుగా రాలిపోయాయి. యువరాజు తలమీద మిగిలిన ఈకలను పేరిసెట్టి ఏరి, ఏ పిట్టవి ఆ పిట్ట కుప్పలో వేసి మరీ ముందుకు నడిచాడు. చేతికి అలవాటైన పని అది.

కుహనావతి కొలువు నడిమి అరలో ఉంది. ఆమె అందగత్తె. చేతులు మరీ అందమైనవి. వాటి మీద ఒక్క సూదిగాటు లేదు. ఆమె ఎదుట పది వరసల్లో బల్లల ముందు వందమంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. పేరిసెట్టి కళ్ళు ఆత్రంగా వాళ్ళ మీద పరిగెత్తి, అక్కడే ఆగిపోయాయి. వందమందిదీ ఒకటే ముఖం, అది మాచమ్మది కాదు. అదే కోలముఖం, అదే గడ్డం, ఎడమ బుగ్గ మీద అదే పుట్టుమచ్చ. అందరివీ నీలం చీరలే. ఆ బల్లల ముందు కూర్చున్న ఎవరికైనా ఆ ముఖమే వస్తుందట, గొంతు పోతుందట. మళ్ళీ కోట గోడ దాటితేగాని సొంత ముఖమూ గొంతూ తిరిగి రావట.

పేరిసెట్టి తలపాగా తీసి చేత పట్టుకుని, తన దగ్గర మూడు వందల సూదులున్నాయని, వాటికి మారుగా తన భార్యను ఇమ్మని అడిగాడు. కుహనావతి నవ్వింది.

"నీ ఆలిని నువ్వే చూపించు, తీసుకుపో. ఒక్కసారే చూపించాలి సెట్టీ. తప్పితే నువ్వూ నీ కూలివాడూ నా సిపాయిల పొట్టల్లో దూదికి బదులుగా ఉంటారు."

బేరం ఆడేచోట ఎక్కువసేపు ఆలోచిస్తే ధర పెరుగుతుందని పేరిసెట్టి ఎరుగును. వెంటనే ఒప్పుకుని, ఒక్కటి అడిగాడు. ఒక్కొక్కరి ముందూ పద్దెనిమిది అరల ఖాళీ పెట్టె ఒకటి పెట్టించాలి. గవ్వలు, పూసలు, గురివింద గింజలు, చింతగింజలు, ఈకలు, పీలికలు, కొబ్బరిపీచు, పుల్లలు, చిప్పలు, అద్దపు బిళ్ళలు అన్నీ కలిపి కుప్ప పోసి సర్దమనాలి. అంతే. కుహనావతి కనుబొమ్మ ఎగరేసి, సరే కానీ అంది.

వంద కుప్పలు పడ్డాయి. రెండు వందల చేతులు కదిలాయి. వాన చినుకులు పెంకుల మీద పడినట్టు గింజలూ పూసలూ అరల్లో పడుతున్న చప్పుడు తప్ప ఆ కొలువులో ఇంకే అలికిడీ లేదు.

పేరిసెట్టి వరసల వెంట నడిచాడు. కొందరు రంగు చూసి సర్దారు, కొందరు పరిమాణం చూసి. ఒకామె నునుపువి ఒకవైపు, గరుకువి ఒకవైపు వేసింది. నాలుగో వరసలో అతని కాళ్ళు వాటంతట అవే ఆగాయి. అక్కడి పెట్టెలో బరువైన గవ్వలు పిడి పక్కన, పగిలే అద్దాలు నడుమ పీలికల మధ్య, గింజలు అడుగున, ఈకలు పైన. ఇంట్లో పనసచెక్క పెట్టె అచ్చం ఇలాగే ఉండేది. పదకొండేళ్ళుగా అతను కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి తీసుకున్న వరస అది. చెయ్యి లేచింది. మాట పెదవిదాకా వచ్చింది.

అయినా రెండోసారి తడిమి చూడకుండా అతను ఏ సరుకూ కొన్నవాడు కాడు. ఈ వరస ఎవరిది అని తనను తాను అడిగాడు. గాడిద నడకకు పెట్టె ఒరగకూడదని బరువు పిడి పక్కన పెట్టమన్నది ఎవరు? తనే. అద్దాలు పీలికల్లో పెట్టమన్నది? తనే. అది దారి వరస, గాడిద వరస. మాచమ్మ అతని కోసం అలా సర్దింది. ఆమెతోపాటు ఆ పెట్టెనూ ఎత్తుకొచ్చారు కాబట్టి, చూసినవాళ్ళెవరైనా ఆ వరస నేర్చుకోగలరు.

మరి మాచమ్మ వరస ఏది? అతనికి తెలియదు.

గుర్తు తెచ్చుకోవడానికి ఎంతో గింజుకున్నాడు. ఊళ్ళు తిరిగి ఇంటికి రాగానే మూలమూలలా చిన్న చిన్న గుడ్డమూటలు దొరికేవి. ఒకదాంట్లో ఒక గవ్వ, రెండు గింజలు, ఒక నారపోగు. ఇంకోదాంట్లో ఒక అద్దం, మూడు పూసలు, ఎండిన నిమ్మకాయ. ఈ కలగాపులగం ఏమిటే అంటూ అన్నీ విప్పి, గవ్వ గవ్వల అరలో, గింజ గింజల అరలో వేసి, ఇల్లు చక్కబెట్టానని సంబరపడేవాడు. ఆమె గుమ్మానికి ఆనుకుని చూస్తూ ఉండేది. మళ్ళీ తిరిగొచ్చేసరికి మళ్ళీ మూటలు ఉండేవి. ఒక్కో మూట ఒక్కో బొమ్మ అయి ఉంటుందని, ఏది దేనికి కావాలో ఆమె చూసి కట్టి పెట్టుకునేదని పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. ఆమె చేయబోయే వాటిని తన చేతులతో తనే విప్పుతూ వచ్చాడు.

నాలుగో వరస వదిలి అతను చకచకా నడిచాడు. ఇప్పుడు అతని కళ్ళు చక్కగా సర్దిన పెట్టెను కాక, చిందరవందరగా ఉన్న పెట్టెను వెతుకుతున్నాయి. ఏడో వరసలో ఒకటి కనిపించింది, కాని అది చేతులు వణికి ఎటుపడితే అటు వేసినది. ఎవరో పాపం, పసిపిల్లను వదిలి వచ్చినట్టుంది. చివరి వరసలో, స్తంభం పక్కన ఇంకొకటి ఉంది. సిపాయిలు దాన్ని చూసి నవ్వుకుంటున్నారు. ఒక అరలో కొబ్బరిపీచు, నాలుగు చింతగింజలు, వంకర పుల్ల. పక్క అరలో ఒకే ఒక ముత్యపుచిప్ప, తెల్ల పీలిక, రెండు ఆవాలంత పూసలు. మూడో అరలో రెండు గురివింద గింజలు, ఎర్రగుడ్డ ముక్క, నల్లటి కాకి ఈక. ఏ రెండు అరలూ ఒకలా లేవు.

చెయ్యి అలవాటు మానలేదు. పేరిసెట్టి మూడో అరలోంచి రెండు గురివింద గింజలు తీసి, పై వరసలోని గింజల పక్కన వేయబోయాడు. ఆమె అతని వేళ్ళలోంచి ఆ గింజలు మెల్లగా తీసుకుని, ఎక్కడివి అక్కడే పెట్టింది. కోపం లేదు, విసుగు లేదు. వేయిసార్లు చేసిన పని ఇంకోసారి చేసినట్టు చేసింది.

"ఈమే," అన్నాడు పేరిసెట్టి.

కుహనావతి ముఖం మాడిపోయింది. నాలుగో వరసలో దారి వరస సర్దిన ఆడది ఉన్నచోటే చీరతో సహా కూలి గుడ్డకుప్పగా మారింది. అది మొదటినుంచీ బొమ్మే. సూదులు ఇచ్చి మనిషిని తీసుకున్నారు. ఆమె బల్ల మీద సర్దిన పెట్టె మాత్రం తనదేనని కుహనావతి అక్కడే ఉంచుకుంది.

"నేను మాట తప్పను సెట్టీ. కాని ద్వారం నా మాట వినదు. లోపలికి వచ్చినంతమందినే అది బయటికి వదులుతుంది. ఈ ఆడవాళ్ళు గోడ మీదుగా వచ్చారు, వాళ్ళు దాని లెక్కలో లేరు. వచ్చింది మీరిద్దరు. ధ్వజం నీడ గడప తాకేలోగా ఇద్దరు వెళ్ళండి. మిగిలినవాళ్ళు ఎవరైనా సరే, నా బల్ల ముందు కూర్చుంటారు."

ముగ్గురూ ద్వారం వైపు పరుగు తీశారు. పరుగులోనే పేరిసెట్టి ఆ పరాయి ముఖంకేసి చూస్తూ, దాచుకున్న మాటలన్నీ ఒకేసారి కక్కేశాడు. పీచూ చింతగింజలూ ఉన్నది కోతి కదా అన్నాడు. ముత్యపుచిప్పది బాతు కదా అన్నాడు. ఎర్రగుడ్డ, నల్ల ఈక ఉన్న మూడో అర కోడిపుంజు, అవునా అన్నాడు. ఆమెకు గొంతు లేదు. అతని చెయ్యి మాత్రం వదల్లేదు.

గడప ముందు నీడ జానెడు దూరంలో ఉంది. తాను ఉండిపోతానని మణిబాహుడు కత్తి మీద చెయ్యి వేసి అన్నాడు. క్షత్రియుడు ఆడదాన్నీ వ్యాపారినీ వెనక వదిలి పోడని కూడా అన్నాడు. పేరిసెట్టి మొలలోంచి సూదీ దారమూ తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఎక్కించండి దొరా."

యువరాజు కన్ను చికిలించి ఒకసారి, నాలుక బయటపెట్టి రెండోసారి, దారం చివర నమిలి మూడోసారి ప్రయత్నించాడు. దారం ఎక్కలేదు. పేరిసెట్టి అప్పటికే లెక్క తేల్చుకున్నాడు. యువరాజు ఆ బల్ల ముందు ఒక్క పూట కూడా నెగ్గలేడు. ఏటి ఒడ్డున సైన్యం పేరిసెట్టి మాట వినదు, యువరాజు మాటే వింటుంది. మాచమ్మను మళ్ళీ లోపల వదలడం లెక్కలోకే రాదు. ఎటు కూడినా మిగిలేది ఒక్కడే.

"ఎనిమిది రోజుల్లో రండి. సూదులు పది రోజులే ఆగుతాయి. ఆమెను ఏరు దాటించి, తడి తగలని చోట ఉంచండి, ఆమెకు జలుబు తొందరగా చేస్తుంది," అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకుంది. పేరిసెట్టి ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడిపించాడు. చూపుడువేలి కొసన గరుకుగా పేరుకున్న సూదిగాట్లు తగిలాయి. ఈ నూట నలభై ఏడు రోజుల్లో అతను తాకిన తన వస్తువు అదొక్కటే. యువరాజు ఆమెను లాక్కుని గడప దాటాడు. నీడ గడప రాయిని తాకింది. తలుపులు మూసుకున్నాయి.

అవతలినుంచి గొంతు వినిపించింది. కొద్దిగా బొంగురుగా, తుప్పు వదిలించుకుంటున్నట్టు.

"ఏమండీ, వింటున్నారా?"

పేరిసెట్టి తలుపు చెక్కకు నుదురు ఆనించాడు. అది మాచమ్మే. ఇంతదాకా నమ్మకమే తప్ప రుజువు లేదు. రుజువు వచ్చేసరికి తలుపు అడ్డం వచ్చింది.

"వింటున్నానే."

"ఏ బొమ్మకూ చివరి ముడి వెయ్యకండి. ముడి పడనిదానికి ఆవిడ ఊపిరి ఎక్కదు. దారం చాల్లేదని, సూది వంగిందని ఏదో ఒకటి చూపించండి. ఆ గుట్టు తెలిసినప్పటినుంచీ మేమంతా అలాగే నెట్టుకొచ్చాం." ఆగి, మళ్ళీ అంది. "ఇంకోటి. అది కోడిపుంజు కాదండీ. ఎర్రగుడ్డ తలపాగా, ఈక మీసం. అది మీరు."

ఆ తర్వాత యువరాజు తొందరపెట్టడం, రాళ్ళ మీద అడుగులు, జలపాతం హోరు.

పేరిసెట్టిని తెచ్చి స్తంభం పక్కన ఆమె బల్ల ముందే కూర్చోబెట్టారు. కూర్చోగానే మీసం మాయమైంది, గొంతు మూగపోయింది. అద్దపు బిళ్ళ తీసి చూసుకుంటే అందరిదీ అయిన ఆ ముఖమే, బుగ్గ మీద పుట్టుమచ్చ. చుట్టూ తొంభై ఎనిమిది ముఖాలు ఒక్కసారి తలెత్తి చూసి దించుకున్నాయి.

అయిదు రోజులు కోతితో, బాతుతో నెట్టుకొచ్చాడు. ముడి దగ్గరకు వచ్చేసరికి దారం తెంపేవాడు. సూదులు మెత్తబడుతున్నాయి, ఇంకా వంగలేదు. తన పోలిక కుహనావతి చేతికి చిక్కకూడదు కాబట్టి మూడో అర జోలికి పోకూడదని అతనికి తెలుసు. తెలిసే ఆరో రోజు ఉదయం దాన్ని తీశాడు. తాను ఇంట్లో లేని ఎనిమిదేసి నెలలూ మాచమ్మ తనను ఎలా తలుచుకునేదో చూడాలనిపించింది. గుడ్డతో ఒళ్ళు చుట్టాడు. గురివింద గింజలు కళ్ళుగా కుట్టాడు. ఎర్రగుడ్డ తలకు చుడితే తలపాగా కుదిరింది. ఈకను మధ్యకు విరిచి ముక్కు కింద పెట్టేసరికి, నడుము కొంచెం వంచి, దారి తెలిసినవాడిలా, పెట్టె దించుకుని అప్పుడే గుమ్మంలోకి వచ్చినవాడిలా ఒక చిన్న మనిషి అతని అరచేతిలో నిలబడ్డాడు. ఆమె కళ్ళకు అతను ఎప్పుడూ వస్తున్నవాడే, ఒక్కసారీ వెళ్తున్నవాడు కాడు.

వెనక గాజుల చప్పుడు వినిపించింది. కుహనావతి అతని భుజం మీదుగా వంగి చూస్తోంది. నునుపైన వేలితో బొమ్మ మీసాన్ని తాకింది.

"ఇది ఎవరి పోలికో నాకు తెలుసు సెట్టీ. దీన్ని ఏటి ఒడ్డుకు పంపితే నీ మాచమ్మ పరుగెత్తుకుంటూ ఎదురొస్తుంది. దీని వెంట నడిచి మళ్ళీ నా దగ్గరికే వస్తుంది." ఆమె వంగి సూదికేసి చూసింది. సూది వంగలేదు. దారం ఇంకా జానెడు ఉంది. చూపించడానికి సాకు ఒక్కటీ మిగల్లేదు.

"ముడి వెయ్యి," అంది కుహనావతి.